పెరటి బల్లకు నేను చేసిన వైద్యం

చిన్న చిన్న మరమ్మతులు మనమే చేసుకోవాలనీ, ప్రతిదానికీ వడ్రంగికి కబురంపి కూర్చోకూడదనీ ఇరుగుపొరుగు వాళ్ళకు ఉపన్యాసాలిచ్చిన మనిషిని నేను. ఇవాళ నా నిర్వాకమే చెప్పుకుంటాను.

మాది రాజమండ్రి. పెరట్లో పొగడచెట్టు కింద ఒక టేకు బల్ల ఉంది. వీపు ఆనడానికి పలకలు, రెండు పక్కలా చేతులు. కలప తెప్పలు కట్టి గోదావరి మీద దింపే రోజుల్లో మా మామగారు మంచి చేవ కర్ర ఏరి మరీ చేయించారట. సాయంత్రమైతే ఆయనా అత్తగారూ దానిమీదే కూర్చునేవారు. ఆయన పోయాక అత్తగారు ఆయన కూర్చునే కుడివైపుకి జరిగారు. ఎండకీ వానకీ బల్ల బూడిదరంగు తిరిగింది. ఒక కాలు కదులుతోంది.

శ్రావణమాసంలో అత్తగారు మా ఆడపడుచు ఇంటికి తాడేపల్లిగూడెం వెళ్ళారు. పదిరోజుల్లో వస్తానన్నారు. ఈలోగా బల్లను పెళ్ళికూతుర్ని చేద్దామని నా సంబరం. “తెలిసినవాడికి వదిలెయ్యరాదూ” అన్నారు మావారు. వింటేనా!

కదిలే కాలికి మూడు ఇనుపమేకులు దిగ్గొట్టాను. ముందు బెజ్జం వెయ్యాలని నాకేం తెలుసు? మూడోది దిగేసరికి చట్టం నిలువునా చీలింది. అందులో లప్పం కూరాను. తర్వాత రెండురోజులు ఉప్పుకాగితం పెట్టి రుద్దుడే రుద్దుడు. లోపలి తేనెరంగు బయటపడుతుంటే ఎంత మురిసిపోయానో! ముసురు పట్టి ఉంది. ఓ పూట తెరిపివ్వగానే వార్నీషు దట్టంగా పూసేశాను. అది ఆరితేనా? మూడోనాటికీ వేలు అంటుకుంటూనే ఉంది. పైగా అక్కడక్కడా పొక్కులు, మేకుల చుట్టూ కాటుక దిద్దినట్టు నల్లమరకలు.

అత్తగారు రెండురోజులు ముందే వచ్చేశారు. కాళ్ళు కడుక్కుని తిన్నగా పెరట్లోకి వెళ్ళి కూర్చున్నారు. అలవాటుగా బల్లచేతి మీద చెయ్యి వేసి, చటుక్కున తీసేశారు. “ఇదెవరి బల్లే అమ్మాయ్?” అన్నారు. లేవబోతే చీర అంటుకుపోయింది.

చీర పోతే పోయింది. ఆ బల్లచేతి మీద మామగారి అరచెయ్యీ, తర్వాత ఈవిడ అరచెయ్యీ ఏళ్ళ తరబడి రాసుకుని ఒక నునుపు తేలి ఉండేది. దాన్ని ఉప్పుకాగితంతో గీకేశానని అప్పుడు తట్టింది నాకు. ఆవిడ ఒక్కమాటా అనలేదు. మర్నాటి నుంచి వీధి అరుగుమీద కూర్చోడం మొదలుపెట్టారు. తిట్టినా బాగుండును.

ఇక వడ్రంగిని పిలవక తప్పింది కాదు. అతను చూసి నవ్వాడు. “టేకులో దానికదే జిడ్డుంటుందండమ్మగారూ. థిన్నరుతో తుడవకుండా, అదీ తడికర్ర మీద పూస్తే వార్నీషు ఎక్కడ ఆరుద్దండీ?” అన్నాడు. ఆ నల్లమరకలు ఇనుముకి టేకులోని వగరు తగిలి వచ్చినవట. కరక్కాయ రసంలో ఇనుము పడితే సిరా అవుతుంది చూడండి, అలాగన్నమాట. మేకులు పీకి, కాలు ఊడదీసి, మళ్ళీ బిగించి వెదురు చీలలు కొట్టాడు. వార్నీషంతా గీకేశాడు. ఆరుబయట ఉండే టేకుకు ఏమీ పుయ్యక్కర్లేదట. బూడిదరంగు పైపైనేనట, లోపలి చేవకేం కాదట. తడినేల తగలకుండా కాళ్ళకింద రాళ్ళు పెట్టమన్నాడు.

నూనె పూసి తీరాలనుకునేవారు ఎండల్లోనే పూసుకోండి. అన్నట్టు, అవిసెనూనె తుడిచిన గుడ్డలు మాత్రం ఉండచుట్టి మూల పడెయ్యకండి. వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విడదీసి ఆరుబయట ఆరెయ్యాలి.

బల్ల మళ్ళీ గట్టిపడింది. అత్తగారు కొన్నాళ్ళకి పెరట్లోకి వచ్చారు కానీ, బల్లచేతి మీద పాత తువ్వాలొకటి పరుచుకుని కూర్చునేవారు. మొన్న ఉగాదినాటి సాయంత్రం చూద్దును కదా, తువ్వాలు దండెం మీదే ఉంది. ఆవిడ చెయ్యి ఉత్త కర్రమీద ఉంది. నేను చూడనట్టే వంటింట్లోకి వచ్చేశాను.