నువ్వేం ఆడావమ్మా?

(మహిళా కార్యకర్తల శిక్షణ సమావేశంలో ఒక రిటైర్డ్ ఆటల టీచరు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమని పిలిచినప్పుడు కొంచెం జంకాను. మీలో చాలామంది భూమి హక్కుల మీద, వరకట్న చావుల మీద, కూలి రేట్ల మీద ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళు. ఆటల గురించి మాట్లాడితే ఇదీ ఒక సమస్యేనా అనుకుంటారేమోనని సందేహించాను. కానీ ఈ మధ్య మీ సంఘాల్లో కొన్ని బస్తీల్లోనూ తండాల్లోనూ ఆడపిల్లల చేత ఫుట్‌బాల్ ఆడిస్తున్నాయని తెలిసింది. పిల్లల్ని బడిలో నిలపడానికి, చిన్నతనపు పెళ్ళిళ్ళు ఆపడానికి ఆట పనికొస్తోందని మీరే చెబుతున్నారు. చాలా సంతోషం. అందుకే మీ ముందు ఒకే ఒక ప్రశ్న పెట్టదలుచుకున్నాను. ఆ పిల్లలకు ఆట నేర్పుతున్నది ఎవరు? ఆ మనిషి ఎక్కడ ఆడి, ఏం నేర్చుకుని, ఎవరికి జవాబుదారీగా ఆ గ్రౌండులోకి వచ్చాడు?

మొదట నా సంగతి చెప్పాలి. నేను ఫుట్‌బాల్ ఆటగత్తెను కాదు. డెబ్భైల్లో బడిలో ఖోఖో ఆడాను. జిల్లా జట్టు దాకా వెళ్ళాను. పెద్దమనిషినయ్యాక మా నాన్న ఇక పరుగులు చాలన్నాడు. మా అమ్మ గొడవపడి నన్ను బి.పి.ఇడి. చదివించింది. ఆడపిల్లల హైస్కూల్లో పి.ఇ.టి.గా చేరాను. 1996లో మా హెడ్మిస్ట్రెస్ గారు పిలిచి, జిల్లా పోటీలకు ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు పంపాలి, తయారుచెయ్యి అన్నారు. అప్పటికి నేను బంతిని కాలితో తన్ని ఎరగను.

మా ఊళ్ళో రైల్వే జట్టులో ఆడి రిటైరైన ఒక పెద్దాయన ఉండేవారు. వెళ్ళి సంగతి చెప్పాను.

"నువ్వేం ఆడావమ్మా?" అని అడిగారు.

"ఖోఖో అండీ" అన్నాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

"అయితే పరుగు మధ్యలో ఒక్కసారిగా ఆగడం, చటుక్కున తిరగడం, ఎదుటివాళ్ళ భుజం చూసి ఎటు పోతారో కనిపెట్టడం నీకొచ్చు. బంతి ఒక్కటే కొత్త" అన్నారు.

రెండు నెలలపాటు తెల్లవారుజామున గంటసేపు నాకు నేర్పారు. పాదం లోపలి వైపుతో బంతి ఎలా అందించాలి, వచ్చిన బంతిని ఎలా ఆపాలి, బంతి లేనప్పుడు ఎక్కడ నిలబడాలి, అన్నీ. మీరే వచ్చి పిల్లలకు నేర్పించండి అంటే ఒప్పుకోలేదు. "వాళ్ళు నిన్ను అడిగే ప్రశ్నలు నన్ను అడగలేరమ్మా" అన్నారు. ఆయన మాటలోని విలువ నాకు చాలా ఏళ్ళకు గానీ అర్థం కాలేదు.

కోచ్ కావాలంటే పెద్ద ఆటగాడై ఉండాలని మనందరం నమ్ముతాం. మన హైదరాబాదు చరిత్రే ఆ నమ్మకాన్ని ప్రశ్నిస్తుంది. సయ్యద్ అబ్దుల్ రహీం పేరు ఇప్పుడు సినిమా వల్ల కొందరికి తెలిసింది. 1909లో పుట్టిన ఆయన ఉస్మానియాలో చదివిన బడి పంతులు. కాలేజీకీ, స్థానిక క్లబ్బులకూ ఆడాడే గానీ దేశానికి ఆడినవాడు కాదు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన కోచ్‌గా ఉన్న భారత జట్టు 1951లో ఢిల్లీలోనూ 1962లో జకార్తాలోనూ ఏషియన్ క్రీడల స్వర్ణాలు తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడలో పుట్టిన పేద కుర్రవాడు తులసీదాస్ బలరాం ప్రాక్టీసుకు రావడానికి దారి ఖర్చుల్లేవంటే, సైకిల్ అద్దెకు డబ్బిచ్చి రప్పించాడు రహీం. ఆ కుర్రవాడే తర్వాత మెల్‌బోర్న్‌లో ఆడాడు.

సైకిల్ అద్దె సంగతి గుర్తుంచుకోండి. మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

రహీం కింద ఆడిన పి.కె. బెనర్జీ తర్వాత తానే భారత జట్టుకు కోచ్ అయ్యాడు. హైదరాబాదు నుంచి వచ్చిన సయ్యద్ నయీముద్దీన్ ఆటగాడిగా పేరు తెచ్చుకుని, కోచ్‌గా 1990లో ద్రోణాచార్య అవార్డు అందుకున్నాడు. ఇలా గురువు నుంచి శిష్యుడికి, ఆటగాడి నుంచి కోచ్‌కి ఒక గొలుసు సాగింది. ఆ గొలుసులో ఆడమనిషి ఎక్కడుంది? లేదు. ఎందుకు లేదో ఆలోచించాలి.

ఆడనివ్వలేదు కాబట్టి లేదు. ఫుట్‌బాల్ పుట్టిల్లని చెప్పే ఇంగ్లండులో ఫుట్‌బాల్ సంఘం తన మైదానాల్లో స్త్రీలు ఆడకూడదని 1921లో నిషేధం పెట్టింది. ఈ ఆట స్త్రీలకు తగదు అన్నారు. ఆ నిషేధం 1971 దాకా, అంటే యాభై ఏళ్ళు కొనసాగింది. బ్రెజిల్‌లో 1941 నుంచి 1979 దాకా చట్టమే అడ్డుపడింది. మన దగ్గర అలాంటి చట్టం అక్కర్లేకపోయింది. ఇల్లే సరిపోయింది. మహిళల ఫుట్‌బాల్ సమాఖ్య ఏర్పడి, లక్నోలో మొదటి జాతీయ పోటీలు జరిగింది 1975లో. శాంతి మల్లిక్ అర్జున అవార్డు అందుకున్న మొదటి మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణి. అది 1983లో. భారత మహిళల సీనియర్ జట్టుకు ఒక మహిళ, మేమోల్ రాకీ, మొదటిసారి హెడ్ కోచ్ అయ్యేసరికి 2017 వచ్చింది. తరతరాలుగా గ్రౌండు గేటు మూసిపెట్టి, ఇప్పుడు కోచ్ ఉద్యోగానికి వచ్చిన ఆడమనిషిని "నీ ఆట చరిత్ర ఏమిటి?" అని అడగడం ఎలాంటి న్యాయం?

పిల్లలు ఎక్కువమంది ఆడితే కోచ్‌లు వాళ్ళంతట వాళ్ళే తయారవుతారని కొందరంటారు. అమెరికా అనుభవం అలా చెప్పడం లేదు. అక్కడ 1972లో చదువుల్లో ఆడామగా వివక్షను నిషేధించే చట్టం వచ్చింది. కాలేజీల్లో ఆడే అమ్మాయిల సంఖ్య ఎన్నో రెట్లు పెరిగింది. కానీ చట్టం రాకముందు అమ్మాయిల జట్లలో నూటికి తొంభైకి పైగా మహిళా కోచ్‌ల చేతుల్లో ఉండేవి. ఆ తర్వాతి దశాబ్దాల్లో అది సగానికంటే తక్కువకు పడిపోయింది. అమ్మాయిల ఆటకు జీతం, గౌరవం వచ్చేసరికి కోచ్ పని మగవాళ్ళ ఉద్యోగమైంది. వంట విషయంలో మనం చూసిందే ఇది. ఇంట్లో ఆడది, హోటల్లో మగవాడు.

ఇప్పుడు నేను ఎక్కడా చెప్పని ఒక సంగతి మీకు చెబుతాను.

2003 వేసవిలో మా ఊళ్ళో ఒక క్లబ్బు శిక్షణ శిబిరం పెట్టింది. కోచ్ రాష్ట్రానికి ఆడినవాడు. మా బడి నుంచి ఏడుగురు పిల్లల్ని నేనే వెంటబెట్టుకుని వెళ్ళి చేర్చాను. మూడో వారంలో ఇద్దరు రావడం మానేశారు. కడుపునొప్పి అన్నారు. నేను గుచ్చి అడగలేదు. తర్వాత మూడో అమ్మాయి వచ్చి, "టీచర్, ఆ సార్ స్ట్రెచింగ్ చేయిస్తానని తొడలు పట్టుకుంటున్నారు. వద్దంటే, నీకు ఆట తెలుసా నాకు తెలుసా అంటున్నారు" అని చెప్పింది.

నేనేం చేశానో తెలుసా? పదిహేను రోజులు ఊరుకున్నాను. నాకు ఫుట్‌బాల్ పూర్తిగా తెలియదు, అది వ్యాయామంలో భాగమేమో అనుకున్నాను. ఒక ఆడపిల్ల తన ఒంటి గురించి చెప్పిన మాట కంటే, ఒక మగవాడు ఆడిన ఆటలకు నేను ఎక్కువ విలువ ఇచ్చాను. ఆలస్యంగా క్లబ్బు పెద్దల దగ్గరికి వెళ్ళాను. ముగ్గురూ మగవాళ్ళే. ఒకాయన నవ్వుతూ, "ఆయన రాష్ట్రానికి ఆడాడు. నువ్వేం ఆడావమ్మా?" అన్నాడు.

అదే ప్రశ్న. ఏడేళ్ళ కిందట ఒక పెద్దాయన నా చెయ్యి పట్టి లోపలికి తీసుకురావడానికి అడిగిన ప్రశ్న. ఇక్కడ నా నోరు మూయించడానికి అడిగారు.

పిల్లల్ని వెనక్కి తెచ్చేశాను. ఆ కోచ్ మరో రెండేళ్ళు అక్కడే ఉన్నాడు. మొదట మానేసిన ఇద్దరిలో ఒకమ్మాయిని వాళ్ళ నాన్న బడి కూడా మాన్పించి, పదహారేళ్ళకే పెళ్ళి చేశాడు. ఎడమ వైపు నుంచి బంతి పట్టుకుని పోతే ఆ పిల్లను ఎవరూ ఆపలేకపోయేవాళ్ళు. ఆ పదిహేను రోజుల మౌనం నాది. దాన్ని ఇంకొకరి మీదికి నెట్టలేను.

ఇది చిన్న ఊళ్ళ జబ్బు మాత్రమే కాదు. 2022లో అండర్-17 బాలికల ప్రపంచ కప్పు మన దేశంలో జరగబోతుండగా, దానికోసం సిద్ధమవుతున్న మన జట్టు యూరప్ పర్యటనలో ఉన్నప్పుడే, లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణపై అసిస్టెంట్ కోచ్‌ను తొలగించారు. 2023లో మహిళా కుస్తీ క్రీడాకారిణులు జంతర్ మంతర్ దగ్గర కూర్చోవాల్సి వచ్చింది. పతకాలు తెచ్చినవాళ్ళకే ఆ గతి పడితే, తండా పిల్ల మాట ఎవరు వింటారు?

అయితే 2003లో నా చేతిలో లేని ఆయుధాలు ఈరోజు మీ చేతిలో ఉన్నాయి. 2012 పోక్సో చట్టం కింద, పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోవడమే నేరం. పిల్లలు నమ్మే స్థానంలో, అధికారంలో ఉన్నవాడు చేస్తే చట్టం దాన్ని మరింత తీవ్రంగా చూస్తుంది. 2013 నాటి పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం క్రీడా సంస్థల్ని, స్టేడియాలను, పోటీలు జరిగే చోట్లను కూడా పనిచోటుగానే పరిగణిస్తుంది. అక్కడ ఉద్యోగం చేయని స్త్రీ కూడా, ఏ వయసుదైనా, ఫిర్యాదు చేయవచ్చు. పదిమంది కంటే తక్కువ సిబ్బంది ఉన్న చిన్న క్లబ్బయితే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్ళాలి. మామూలుగా మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. మీ జిల్లాలో ఆ కమిటీ ఉందో లేదో, అందులో ఎవరున్నారో మీలో ఎంతమందికి తెలుసు? ఈ వారంలోనే కలెక్టరాఫీసులో అడగండి.

ఇక మీరు చేయగలిగిన పనులు కొన్ని చెబుతాను.

ఒకటి. పిల్లల్ని ఎవరికైనా అప్పగించేముందు కోచ్‌ను మూడు ప్రశ్నలు అడగండి. ఎక్కడ ఆడారు? నేర్పడంలో ఏం శిక్షణ పొందారు? ఇంతకు ముందు ఎక్కడ నేర్పారు, అక్కడ ఎందుకు మానేశారు? మనవాళ్ళు మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. మూడో ప్రశ్నకు జవాబు ఆయన దగ్గరే కాదు, ఆ పాత చోటుకు వెళ్ళి అక్కడి పిల్లల తల్లుల దగ్గర కూడా తెలుసుకోండి.

రెండు. మగ కోచ్ ఉన్నచోట ప్రాక్టీసు జరిగినంతసేపూ, ప్రయాణాల్లోనూ మీ సంఘం నుంచి ఒక మహిళ ఉండాలి. గుడ్డ మార్చుకునే చోటు, నీళ్ళు, చీకటి పడకముందే ఇంటికి చేరే ఏర్పాటు చూడాలి. నెలసరి రోజుల్లో ఆడాలా వద్దా అనేది ఆ పిల్ల ఇష్టానికి వదలాలి. దేహాన్ని ముట్టుకుని నేర్పాల్సి వస్తే ముందు చెప్పాలి, అందరి ఎదుటే చేయాలి. వద్దంటే ఆగాలి.

మూడు. మహిళా కోచ్‌లను మనమే తయారుచేసుకోవాలి. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య డి లైసెన్సు కోర్సు కొద్ది రోజులదే. దానికి దేశానికి ఆడి ఉండాలన్న నియమం లేదు. ఆ తర్వాత సి, బి, ఎ మెట్లు ఉన్నాయి. మీ మండలంలో కబడ్డీ, ఖోఖో, పరుగు పందేలు ఆడి పెళ్ళయ్యాక ఆగిపోయిన స్త్రీలు తప్పకుండా ఉంటారు. వాళ్ళను వెతకండి. వాళ్ళకు బంతి ఒక్కటే కొత్త. కోర్సు ఫీజు, బస్సు చార్జీ, ఇంట్లో చంటిపిల్లను చూసుకునే మనిషి, ఇవీ వాళ్ళకు అడ్డం. ఇదే ఆనాటి సైకిల్ అద్దె. రహీం ఇచ్చాడు. మనం ఇవ్వలేమా?

నాలుగు. ఆమెకు జీతం ఇవ్వండి. ఆడమనిషి కాబట్టి సేవగా చేస్తుందిలే అనుకోకండి. మగ కోచ్‌కు ఇచ్చేదే ఇవ్వండి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఆడమనిషి అయినంత మాత్రాన మంచి కోచ్ అయిపోదు. పిల్లల ఒళ్ళు గురించి, రంగు గురించి, కులం గురించి మాటలతో పొడిచే టీచర్లను నేను చూశాను. ఆ రైల్వే పెద్దాయన లాంటి మగవాళ్ళూ ఉన్నారు. ఎవరైనా సరే, అడిగే హక్కు పిల్లలకు, తల్లులకు ఉండాలి. జవాబు చెప్పాల్సిన బాధ్యత కోచ్‌కు ఉండాలి. నేను చెప్పదలుచుకున్నది ఇదే.

నిజామాబాదు జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఆడుతోందని పేపర్లలో చదివినప్పుడు నాకు మా ఎడమ వైపు పిల్ల గుర్తొచ్చింది. ఒక సౌమ్య వెనక మధ్యలో ఆగిపోయినవాళ్ళు ఎంతమందో. వాళ్ళలో కొందరైనా గ్రౌండుకు తిరిగి రావచ్చు. ఆటగత్తెలుగా కాకపోయినా కోచ్‌లుగా.

మీ ఊళ్ళకు వెళ్ళాక ఒక సాయంత్రం గ్రౌండుకు వెళ్ళి కూర్చోండి. ఎవరు నేర్పుతున్నారో, పిల్లలు ఆ మనిషి దగ్గరికి ఎలా వెళుతున్నారో చూడండి. మానేసిన పిల్ల ఉంటే ఆ ఇంటికి వెళ్ళండి. కడుపునొప్పి అంటే, కాస్త కూర్చుని మళ్ళీ అడగండి. నేను అడగలేదు.

సెలవు.