దేవుని దగ్గర దాచకండి
(డోంగ్లి ఆరోగ్య కూటంలో ఇచ్చిన సందేశం)



మన ఉమ్మడి నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠురోగుల కోసం మిషను ఆసుపత్రి మొదలైంది. డాక్టర్ ఇసబెల్ కెర్ అమ్మగారు అక్కడ సేవ చేశారు. ఆ రోజుల్లో ఒంటిమీద మచ్చ కనబడితే జనం భయపడి దాచుకునేవారు. ఇప్పుడు మంచి మందులున్నాయి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు. వ్యాధి రకాన్నిబట్టి 6 నెలలో, 12 నెలలో వాడితే నయమవుతుంది. అయినా స్పర్శలేని మచ్చను కొంగు కింద దాచుకుని వచ్చేవారిని నేను ఇంకా చూస్తున్నాను. చూపించనిదానికి మేము మందు ఎలా ఇవ్వగలం?

దేవునితో కూడా మనం ఇలాగే ఉంటాము. యోహాను సువార్త 15వ అధ్యాయంలో యేసుప్రభువు శిష్యులను దాసులని కాక స్నేహితులని పిలిచాడు. తండ్రి దగ్గర విన్నవన్నీ వారికి తెలియజేశాడు. ఆయన ఏమీ దాచలేదు. దాచేది మనమే.

మా అమ్మ చనిపోయినప్పుడు నాకు దేవునిమీద కోపం వచ్చింది. సిస్టరమ్మను గదా, పైకి చెప్పలేకపోయాను. వార్డులో అందరికోసం ప్రార్థించేదాన్ని, నా సంగతి మాత్రం ఎత్తేదాన్ని కాదు. ఒకనాడు నైట్ డ్యూటీలో ట్రే కడుగుతూ, "ప్రభువా, నీమీద కోపంగా ఉంది" అనేశాను. చాలాసేపు ఏడ్చాను. అమ్మ తిరిగి రాలేదు. కాని ఆ రాత్రి నుండే ఆయన నాకు స్నేహితుడయ్యాడు.

మీరూ ఈ రాత్రి ఐదు నిమిషాలు కూర్చుని, మనసులో ఉన్నమాట ఆయనకు చెప్పండి. ప్రార్థించాం గదా అని మాత్రలు మానకండి. మచ్చ ఉంటే రేపే చూపించండి.

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.