బండి ఇరుసుకైనా బోటు షాఫ్టుకైనా కందెన కందెనే
(వేట నిషేధ సమయంలో విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోటు కార్మికులతో చేసిన ప్రసంగ పాఠం)



రైతు సంఘం వాడికి బోట్ల సంగతి ఎందుకని ఇందాక ఒక తమ్ముడు అడిగాడు. గడ్డి కాల్చిన మసి ఆముదంలో కలిపి బండి ఇరుసుకు కందెన వేసిన వాళ్ళం మేము. మా పంపుసెట్టులో ఉన్న గ్లాండే మీ బోటులోనూ ఉంది. ఆ మాటే చెప్పడానికి వచ్చాను.

షాఫ్టు బోటు అడుగు దాటి ప్రొపెల్లర్ వైపు పోయేచోట గ్లాండు చూడండి. తాడు చుట్టిన గ్లాండయితే, షాఫ్టు తిరిగేటప్పుడు నీళ్ళు చుక్కచుక్కగా పడాలి. ఆ చుక్కే తాడును చల్లగా ఉంచుతుంది. కారుతోందని బిగించేస్తే తాడు మాడి షాఫ్టును కోస్తుంది. ధార కడితేనే నట్లు రెండు పక్కలా సమానంగా, కొంచెం కొంచెం బిగించండి. ఇంజను ఆపాక గ్లాండు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే బిగింపు ఎక్కువైనట్టే. తాడు మార్చాల్సివస్తే బోటు ఒడ్డెక్కినప్పుడే పాతదంతా పీకి మార్చండి. పాతదాని మీద కొత్తది చుట్టడం పని ఎగ్గొట్టడమే. చుట్టు చుట్టుకీ ముక్క కోసి, అతుకులు ఒకే వరసలో రాకుండా పెట్టాలి.

గేరుబాక్సు ఆయిలు పాలు కలిపిన టీలా కనబడితే నీళ్ళు చేరినట్టు. ఆయిలు మార్చి ఊరుకోకండి, నీళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నాయో పట్టుకోండి. తీసిన ఆయిలు రేవులో పారబోయకండి. ఆ నీళ్ళలో బతికేది మీ చేపే.

ఇక చుక్కాని. చక్రం నుంచి గొలుసు, వైరు, కప్పీల మీదుగా చుక్కాని దాకా ఎక్కడ ఉప్పు పేరుకున్నా తిప్పడం బరువవుతుంది. ముందు మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, ఆ తర్వాతే గ్రీజు పెట్టండి. ఉప్పు మీద గ్రీజు పూస్తే తుప్పును దాచిపెట్టినట్టే. నీళ్ళకు కొట్టుకుపోని రకం గ్రీజు కొనండి. గ్రీజు గన్నుతో కొట్టేటప్పుడు నల్లటి పాత గ్రీజు బయటికొచ్చేదాకా కొట్టండి. వైరు మీద గుడ్డ పట్టి లాగితే తెగిన పోగు గుడ్డకు తగులుకుంటుంది. తగిలితే ఆ వైరు మార్చాల్సిందే. చుక్కానిని చేత్తో ఊపి చూడండి. లొడలొడలాడితే బుష్షు అరిగింది. ఎంత గ్రీజు కొట్టినా అరుగు పూడదు.

ఇదంతా మీకు తెలియదని కాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట లేదు. బోటు ఒడ్డెక్కేదీ, చేతిలో డబ్బు ఆడనిదీ ఈ రోజుల్లోనే. 2025లో ప్రభుత్వం ఇచ్చిన 20,000 రూపాయలు ఇంటి తిండికే. అందులో తాడు, గ్రీజు కొనమంటే ఎలా? మరమ్మతు వాయిదా పడితే, చుక్కాని పనిచెయ్యక నడిసముద్రంలో ఆగిపోయేది బోటులో ఉన్న మనుషులు. ఇంకో బోటు వచ్చి లాగేదాకా వాళ్ళ ప్రాణం గాలికీ కెరటానికీ వదిలినట్టే.

కిసాన్ క్రెడిట్ కార్డు మత్స్యకారులకూ ఇస్తామని 2018-19 కేంద్ర బడ్జెట్‌లో చెప్పారు. మా కార్డులో సేద్యపు పరికరాల మరమ్మతు ఖర్చుకు లెక్క ఉంది. బోటు మరమ్మతుకూ అలాగే లెక్కకట్టి, నిషేధం మొదలయ్యే వారంలోనే అప్పు చేతికివ్వాలి. ఆ వినతిపత్రం మీరు రాయండి. మా సంఘం కూడా సంతకం పెట్టి మీ వెంట వస్తుంది.