తుంటి కీళ్ల మార్పిడి – నా అనుభవం



నేను డాక్టర్ని కాను. ఇంటర్ చదివి ఫౌజులో చేరి, ఆర్టిలరీలో 28 ఏళ్లు చేసి సుబేదారుగా రిటైరైనవాణ్ణి. కిందటి సభలో జాతీయగీతానికి పక్కాయన భుజం పట్టుకుని లేచి నిలబడ్డాను, మీలో కొందరు చూశారు. ఈసారి కర్ర లేకుండా మెట్లెక్కి వచ్చాను. ఈ మధ్యలో ఏం జరిగిందో చెప్పమన్నారు కార్యదర్శి గారు.

నొప్పి మొదట గజ్జల్లో వచ్చింది, తర్వాత మోకాల్లో. మోకాలికి ఎక్స్‌రే తీయిస్తే ఏమీ లేదన్నారు. తుంటిలో జబ్బుంటే నొప్పి మోకాల్లో తెలియవచ్చని నాకప్పుడు తెలీదు. ఇక మన ఫౌజీ బుద్ధి ఉండనే ఉంది, సిక్ రిపోర్టంటే నామోషీ. సెక్యూరిటీ ఉద్యోగం పోతుందేమోనని కుంటి నడక కనబడనీయకుండా, నొప్పి మాత్రలు మింగుతూ రెండేళ్లు నెట్టుకొచ్చాను.

చివరికి ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్ వాళ్లు రాసిస్తే పెద్దాసుపత్రిలో ఎమ్మారై తీశారు. తొడ ఎముక పైకొసన బంతిలాంటి తల ఉంటుంది. దానికి రక్తం అందక ఎముక చచ్చి, కుంగిపోయింది. రెండు పక్కలా అంతే. ఏవీఎన్ అంటారు. డాక్టరు గారు మొదట అడిగింది రమ్ము సంగతి, తర్వాత స్టెరాయిడ్ మందుల సంగతి. నవ్వకండి, మిమ్మల్నీ అదే అడుగుతారు. తల కుంగకముందు వచ్చుంటే ఎముకకు రంధ్రం వేసి, సొంత కీలును కాపాడే ప్రయత్నం చేసేవాళ్లమన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

రెండూ ఒకేసారి చేసెయ్యమన్నాను. నా షుగరు, గుండె పరీక్షలు చూసి ఒప్పుకోలేదు. ముందు కుడివైపు, మూడు నెలల తర్వాత ఎడమవైపు.

ఆపరేషన్‌కు నెల ముందే మా ఇంటావిడ ఇల్లంతా మార్చేసింది. నేల మీద చాపలు తీసేసింది, మంచం కోళ్ల కింద చెక్కలు పెట్టించి ఎత్తు చేసింది, ఎత్తైన కమోడు, గోడకు పట్టుకునే కడ్డీ బిగించారు. నేను చేసిందల్లా పళ్లు చూపించుకోవడం (పంటిలోని చీము కొత్త కీలుకు ఎక్కవచ్చట), షుగరు అదుపులో పెట్టుకోవడం, ముందుగానే వాకరుతో నడక నేర్చుకోవడం. డ్రిల్లు అనుకున్నా, కష్టమనిపించలేదు.

ఆపరేషన్ మర్నాడే నిలబెట్టారు. పాదాలు పైకీ కిందికీ ఆడించడం, రక్తం గడ్డకట్టకుండా మందు, కాళ్ల మధ్య దిండు. కాలు మీద కాలు వేయకూడదు, నడుము 90 డిగ్రీలు దాటి వంగకూడదు. పిక్క వాచినా, ఆయాసం వచ్చినా, గాయం నుంచి చీము కారినా వెంటనే రమ్మన్నారు. అసలు కష్టం కుడికాలిది కాదు, ఇంకా బాగుచెయ్యని ఎడమకాలిది. బరువు దాని మీద పడి రాత్రిళ్లు నిద్ర ఉండేది కాదు.

పన్నెండో రోజున కళ్లజోడు కింద పడింది. ఎవరినో పిలవడం దేనికని వంగాను. తుంటిలో కలుక్కుమంది. "ఏమండీ!" అని ఆవిడ వేసిన కేకకు పక్కింటివాళ్లు పరిగెత్తుకొచ్చారు. ఎక్స్‌రేలో కీలు తప్పలేదని తేలేదాకా ఆవిడ నాతో మాట్లాడలేదు. తేలాక చాలా మాట్లాడింది. ఆ రోజు నుంచి మంచినీళ్లైనా పిలిచి అడగడం నేర్చుకున్నాను. 28 ఏళ్లలో నాకు ఎవరూ నేర్పని పని అది.

ఎడమవైపు చేసిన పది వారాలకు అమ్మాయి పెళ్లి. పీటల మీద కూర్చోలేను, వంగి అల్లుడి కాళ్లు కడగలేను. మా తమ్ముడి చేత కన్యాదానం చేయిద్దామనుకున్నాం. పురోహితుడు గారు, "మీరుండగా ఆయనెందుకు సుబేదారు గారూ?" అని నాకు కుర్చీ వేయించి, అల్లుడి పాదాలు నా చేతికందే ఎత్తులో బల్ల మీద పళ్లెంలో పెట్టించారు. ఒకరిద్దరు పెద్దవాళ్లు సణిగారు, సణగనీ అనుకున్నాను. మా ఆవిడ నీళ్లు పోస్తుంటే నేను కడిగాను. ఆవిడ మాత్రం అల్లుడి వంక చూళ్లేదు, ఎక్కడ వంగిపోతానోనని నా నడుము వంకే చూస్తోంది.

జైహింద్.