కౌలు రైతు – కాంగ్రెసు సభ్యుడు: దలీప్‌సింగ్ సౌంద్
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగపాఠము)



రైతు శాసనసభకేల పోవలయును? చేనికి నీరు పెట్టుకొని, పండినది అమ్ముకొనిన చాలదా? ఈ ప్రశ్నకు అమెరికాలో సేద్యము చేసిన ఒక భారతీయుని జీవితమే సమాధానము. ఆయన పేరు దలీప్‌సింగ్ సౌంద్.

సౌంద్ 1899లో పంజాబులోని ఛజుల్వాడి గ్రామమున సిక్కు కుటుంబమునందు జన్మించెను. ఆయన పెద్దలకు చదువు లేదు. లేనివారికే దాని విలువ తెలియును గనుక వారు గ్రామమున చిన్న బడి పెట్టించిరి. ఆ గ్రామపు బాలుడే 1920లో అమెరికాకు పయనమయ్యెను. ఆహారపదార్థములను నిలువచేయు విద్య నేర్చి స్వదేశమున పరిశ్రమ నెలకొల్పవలెనని ఆయన తలంపు. తరువాత గణితమునకు మరలి, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున 1924లో డాక్టరు పట్టము పొందెను.

పట్టము వచ్చెను గాని కొలువు రాలేదు. అంతకు ముందేడు, 1923లో, భారతీయులు పౌరసత్వమునకు అర్హులు కారని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పియుండెను. అట్టివారు సేద్యపు భూమి కొనరాదు, కౌలునకు తీసుకొనరాదు అని కాలిఫోర్నియాలో చట్టము. గణితశాస్త్ర పండితుడు ఇంపీరియల్ లోయకు పోయి పత్తి తీయు కూలీలకు మేస్త్రీగా కుదిరెను. పిమ్మట, అచ్చటి భారతీయులు పలువురివలెనే చట్టపు చిక్కులనడుమ స్వయముగా సేద్యము ప్రారంభించెను.

ఆ లోయ ఎడారి. అందు చాలభాగము సముద్రమట్టమునకు దిగువన నుండును. కొలరాడో నదీజలము కాలువల వెంట వచ్చిననే పైరు. ఆకుకూరలు, పశుగ్రాసము, చక్కెరదుంప పండింపగా, 1929 తరువాతి ఆర్థికమాంద్యమున ధరలు కుప్పకూలెను. దివాలా ప్రకటించి అప్పులనుండి తప్పుకొను మార్గము చట్టమున కలదు. సౌంద్ ఆ మార్గము పట్టలేదు. ఏండ్లతరబడి కష్టించి అప్పులు తీర్చెను.

పంట బాగుగా పండినను రైతు చెడుట ఆయన స్వయముగా చూచెను. ధరయు నీరును చట్టముచే నిర్ణయింపబడుచున్నవి. ఆ చట్టము చేయువారిని ఎన్నుకొను ఓటు తనకు లేదు. కావున మొదట ఓటునకై పాటుపడెను. 1942లో ఏర్పడిన అమెరికా భారత సంఘమునకు అధ్యక్షుడై పౌరసత్వపు హక్కునకై శ్రమించెను. 1946లో చట్టము మారెను. 1949 డిసెంబరులో ఆయన పౌరుడయ్యెను.

మరుసటి సంవత్సరమే వెస్ట్‌మోర్లండు అను చిన్న పట్టణపు ప్రజలు ఆయనను న్యాయాధికారిగా ఎన్నుకొనిరి. పౌరుడై ఏడాది నిండలేదని పదవి ఇయ్యరైరి. ఆయన కినియక 1952లో మరల నిలిచి గెలిచెను.

1956లో కాంగ్రెసునకు నిలిచెను. ప్రత్యర్థి ప్రసిద్ధ వైమానికురాలు జాక్వెలిన్ కాక్రన్. ఆమెకు ధనమును, కీర్తియు కలవు. ఆయనకు ఊరూర రైతుల పరిచయము కలదు. సభ్యుడు ఏడేండ్లు పౌరుడై యుండవలెనని అమెరికా రాజ్యాంగ నియమము. ప్రమాణస్వీకారమునాటికి, అనగా 1957 జనవరికి, సౌంద్‌నకు ఏడేండ్లు నిండి కొద్ది దినములే! ఆసియాలో పుట్టి ఆ సభకు ఓటుహక్కుగల సభ్యుడుగా ఎన్నికైనవారిలో ఆయనయే ప్రథముడు.

ఆయన ఆశయమొకటి లోయ పొలిమేరలు దాటినది. ప్రజాస్వామ్యము ఒక జాతివారి సొత్తు కాదని ఆసియా ప్రజలకు తన ఎన్నికయే చాటునని ఆయన నమ్మెను. 1957లోనే భారతదేశమునకు వచ్చి ఆ మాట చెప్పెను. మూడు పర్యాయములు ఎన్నికై, 1962లో పక్షవాతమునకు గురియై, ఆ యేటి ఎన్నికలో ఓడెను. 1973లో మరణించెను.

తనను వెలివేసిన చట్టమును ఆయన ద్వేషించుటతో సరిపెట్టలేదు; చదివెను, మార్పించెను, పిమ్మట చట్టములు చేయుచోట కూర్చుండెను. చదువురాని పెద్దలు పెట్టించిన పల్లెబడి అంత దూరము నడిపించినది. ఈ గ్రంథాలయపు బల్లలయొద్ద సాయంవేళ పత్రిక తిరగవేయు రైతుబిడ్డలు ఈ సంగతి జ్ఞప్తియందుంచుకొందురుగాక!