గడప ముందర రెండడుగులు

(సంక్రాంతి మహిళా సమావేశములో చేసిన ప్రసంగము)



శీతకాలపు పండుగలలో ఇంటిని, భోజనపు బల్లను అలంకరించుకొనే తీరును గురించి నాలుగు మాటలు చెప్పవలసిందని కార్యదర్శి గారు అడిగారు. నేను పండితురాలిని కాను. చిత్రకారిణిని అంతకంటె కాను. 1979లో పెండ్లయి కోనసీమ నుండి బొంబాయి వచ్చి, 18 యేండ్లు చాల్‌లో ఒంటిగది కాపురము, ఆ తరువాత నాలుగవ అంతస్తు ఫ్లాటులో కాపురము చేసిన గృహిణిని. నాకు తెలిసినది నా గడప. దానిని గురించే చెబుతాను.

మా పుట్టింట డిసెంబరు 16 ప్రాంతములో పండుగ నెల పట్టినది మొదలు మా అమ్మ తెల్లవారుజామునే లేచేది. వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టేది. ఆవుపేడతో గొబ్బెమ్మలు చేసి, పసుపు కుంకుమ అద్ది, గుమ్మడిపువ్వు గుచ్చి ముగ్గు నడుమ నిలిపేది. తరువాత వాటినే పిడకలుగా గోడకు కొట్టేది. అందులో కొన్ని భోగిమంటలోకి పోయేవి. కొన్ని రథసప్తమినాడు పరమాన్నము వండడానికి దాచేది. ముగ్గులో కలిపిన బియ్యపు పిండి చీమలకు, చూరుకు కట్టిన వరికంకుల కుచ్చు పిచ్చుకలకు. మన అలంకారములో పారవేసేది ఏదీ లేదు. చూచేవారికి వేడుక, బ్రతికేవారికి తిండి. ఈ సంగతి నాకు ఆనాడు తట్టలేదు. వాకిలి లేని ఇంటికి వచ్చిన తరువాతనే తెలిసింది.

ఇక నా సొంత గొడవ ఒకటి మనవి చేస్తాను. 2014లో మా భవనంలో ఒక నోటీసు అంటించారు. నడవలో ముగ్గుపొడి పోయరాదని, నున్నని పలకల మీద కాళ్ళు జారుతున్నాయని అందులో వ్రాశారు. అందులో అబద్ధమేమీ లేదు. ఒక పెద్దాయన నిజంగానే జారి పడి మణికట్టు విరుగగొట్టుకొన్నారు. నేను ముగ్గు మానివేశాను. బజారులో ప్లాస్టిక్ ముగ్గు దొరికితే తెచ్చి అంటించాను. నెల తిరగకముందే అంచులు లేచి, మురికి పట్టి, చూడడానికి రోతగా తయారైంది. పీకి అవతల పారవేశాను. ఆ మీదట మూడు ధనుర్మాసాలు మా గడప బోడిగానే ఉండిపోయింది. ఇంట్లో ఎవరూ అడగలేదు. నేనూ పెద్దగా పట్టించుకోలేదు.

మూడవయేట ఎదురింటిలోకి ఒక తమిళ మామి క్రొత్తగా వచ్చారు. డెబ్బై దాటిన మనిషి. ఒకనాటి ఉదయము తలుపు తట్టి, లోపలికి రాకుండా, గొంతు తగ్గించి అడిగారు: "ఊళ్ళో మీవాళ్ళకు ఎవరికైనా ఏమైనా అయినదా అమ్మా? మార్గళి మాసములో వాకిట కోలము లేదు. అడగవచ్చునో, అడగకూడదో అని మూడు రోజులుగా చూస్తున్నాను."

నాకు నోట మాట రాలేదు. మనవైపునా అంతే గదా! మైల పట్టిన ఇంటి ముందరే ముగ్గు ఉండదు. పిల్లా పాపా అందరము క్షేమంగా ఉండి, నేను నా గుమ్మము ముందర చావు కబురు వ్రాసి పెట్టుకొన్నాను. దానిని చదివినది మా తెలుగువారు కాదు, భాష రాని పొరుగావిడ.

ఆ సాయంత్రమే మావారిని వెంటబెట్టుకొని భవనము కమిటీ వారి దగ్గరకు వెళ్ళాను. పోట్లాడలేదు. మూడు షరతులకు ఒప్పుకొన్నాను. ముగ్గు రెండడుగుల చదరము దాటరాదు. పొడి వాడరాదు. చెరిగిన తరువాత నేనే తుడవవలె. ఈ మూడు షరతులలో ఎట్లా ముగ్గు పెట్టవచ్చునో మామియే నేర్పారు. మీలో ఫ్లాటులలో ఉండేవారు చాలమంది కనుక ఆ పద్ధతి చెబుతాను.

గుప్పెడు బియ్యము రెండు మూడు గంటలు నానబెట్టి మెత్తగా రుబ్బండి. పలుచని మజ్జిగ మాదిరిగా నీళ్ళు కలపండి. శుభ్రమైన నూలుగుడ్డ పీలిక అందులో ముంచి, మూడు వేళ్ళ నడుమ పట్టి మెల్లగా పిండుతూ ఉంగరపు వేలి వెంట గీత జారనివ్వండి. వేసేటప్పుడు గీత కనపడీ కనపడనట్లు ఉంటుంది, ఆరినకొద్దీ తెల్లబడుతుంది. ఆరిన తరువాత పొడిలాగా జారదు. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. చుట్టూ ఎర్రమన్ను నీటితో అంచు తీర్చితే తెలుపు మరింత ఎత్తి చూపుతుంది. చుక్కలకు నా లెక్క ఇది: మధ్య వరుస 9, అటూ ఇటూ సందుచుక్కలుగా 8, 7, 6, 5. మొత్తము 61 చుక్కలు. చుక్కకూ చుక్కకూ రెండున్నర అంగుళాలు విడిస్తే రెండడుగులలో ఒదుగుతుంది.

ఈ తడిముగ్గు ఒడిశాలోని మనవారికి క్రొత్త కాదు. అక్కడ మార్గశిర గురువారాలలో లక్ష్మీపూజకు పిండినీళ్ళతో ఝోటి వేసి, గడప నుండి లోపలికి అమ్మవారి పాదాలు దిద్దుతారు. తమిళనాట కోలము, కన్నడనాట రంగవల్లి, ఇక్కడ రంగోళి. మనలో అందరమూ వలస వచ్చినవారము కాము. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు బరంపురము అటు పోయింది. 1953లో బళ్ళారి మైసూరులో కలిసింది. 1954లో ఫ్రెంచి పాలన ముగిసిన యానాము, చుట్టూ గోదావరి సీమ ఉన్నా, పుదుచ్చేరిలో భాగంగా ఉన్నది. ఆ ఊళ్ళవారు ఇల్లు కదలలేదు, సరిహద్దు గీతే కదిలింది. తెలంగాణము నుండి షోలాపురము మగ్గాల మీదికి వచ్చిన పద్మశాలీలు, బొంబాయిలో ఇండ్లు కట్టి కామాఠీపురకు తమ పేరు ఇచ్చిన కామాఠీలు పొట్ట చేతబట్టుకొని వచ్చారు. ఎట్లా వచ్చినా, ప్రతివారూ వెంట తెచ్చుకొన్నది గుప్పెడు ముగ్గే.

బొమ్మల కొలువు సంగతి. తమిళనాట, కన్నడనాట అది నవరాత్రులలో. మన కోస్తా జిల్లాలలో చాల ఇండ్లలో సంక్రాంతికి. మెట్లు బేసి సంఖ్యలో ఉండవలె. ఫ్లాటులో తొమ్మిది మెట్లకు చోటెక్కడిది? మూడు చాలును, పుస్తకాల బీరువా అరలైనా చాలును. తెల్లపొణికి కర్రతో చేసిన కొండపల్లి బొమ్మను, ఏటికొప్పాక లక్కబొమ్మను, చెన్నపట్టణము లక్కబొమ్మను, తల ఊపే తంజావూరు బొమ్మను ప్రక్క ప్రక్కనే నిలపండి. మీ పిల్లలకు ఒక చిత్రము చెప్పండి. ఏటికొప్పాకలో అంకుడు కర్ర అనేదీ, కన్నడ చెన్నపట్టణములో ఆలె మర అనేదీ ఒకే జాతి చెట్టు. ఊళ్ళ పేర్లు వేరు, భాష వేరు, చెట్టు ఒకటే.

భోజనపు బల్లకు నా సలహాలు కొద్దిగానే ఉన్నాయి. ప్లాస్టిక్ పువ్వులు వద్దు. పొడుగాటి పూలకూజా కూడ వద్దు, ఎదుటివారి మొగము కనపడదు. నడుమ ఒక ఇత్తడి పళ్ళెములో చామంతులు, బంతిపూలు, రేగిపండ్లు, చెరకు ముక్కలు, ఒక వరికంకి ఉంచితే అదే సంక్రాంతి. బల్ల మీద అయినా సరే అరటాకు వేయండి, కొన ఎడమవైపుకు. భోగినాటి పొంగలి, పెద్ద పండుగ అరిసెలు, కనుమనాటి గారెలు వడ్డించిన ఆకును మించిన అలంకారము నేను ఎరుగను. ప్రక్కనే ఒక గిన్నెలో మరాఠీ తిలగుళ్, మరొక గిన్నెలో నువ్వులు, బెల్లము, కొబ్బరి, వేరుసెనగ కలిపిన కన్నడ ఎళ్ళు-బెల్ల ఉంచండి. మనము పిల్లలకు భోగిపండ్లు పోసినట్లే మరాఠీవారు బోర్‌నహాణ్ అని రేగిపండ్లు పోస్తారు. మన తెలంగాణపు సంక్రాంతి నోములలో వస్తువులు పంచుకొన్నట్లే వారు రథసప్తమి దాకా హళదీకుంకుమము పిలిచి వాణము పంచుతారు. పిలవండి, పిలిస్తే వెళ్ళండి.

చివరిమాట. కనుమనాడు కొందరు, ముక్కనుమనాడు కొందరు రథము ముగ్గు వేస్తారు. రథానికి ఒక త్రాడు గీచి, ప్రక్క ఇంటి ముగ్గుతో కలుపుతారు. మా ఊళ్ళో ఆ త్రాడు వీధి చివరిదాకా పోయేది. మొన్న మా నడవలో మా రథము త్రాడు మామి కోలము దాకా పోయింది. మామి దానిని మరాఠీ ఇంటి రంగోళికి కలిపారు. వారు లిఫ్టు దాకా లాగారు. కమిటీ వారి అనుమతి ఉన్నది, ఆ ఒక్కరోజుకు మాత్రమే.

మా మనుమరాలికి ఎనిమిదేండ్లు. తెలుగు అక్షరాలు ఇంకా రావు. అది నాకు లోపల ముల్లువలె ఉన్నది, ఆ ముల్లు ముగ్గుతో పోదు. అయినా ఆ పిల్ల నా ప్రక్కన కూర్చొని "తొమ్మిది, ఎనిమిది, ఏడు" అని తెలుగులో చుక్కలు లెక్క పెట్టింది. ఒక చుక్క తప్పితే "అమ్మమ్మా, ఇది ఉండనీ, రేపు మళ్ళీ వేద్దాము" అన్నది.

రేపు మళ్ళీ వేయడానికే ముగ్గు. అంటించినది ఒకసారితో సరి, వేసినది రోజూ వేయవలె. బిడ్డకు అక్షరాలు నేర్పడమూ అంతే. నేను ఈ పండుగ మొదలు రోజుకొక అక్షరము ముగ్గు ప్రక్కనే వ్రాయిస్తున్నాను. ఉగాది నాటికి దాని పేరు అది వ్రాసుకొనగలదని నా ఆశ. మీ గడపల ముందర కూడ రెండడుగుల చోటు ఉన్నది గదా!