గిరి గీసుకున్న నాణేల సేకరణ

ఒక రాజు కాలంలో ముద్రించిన నాణేలన్నిటినీ, ఏ విలువా ఏ సంవత్సరమూ వదలకుండా కూర్చితే అది పూర్తి సిరీస్. అందులో ఒక చిన్న భాగానికి గిరి గీసుకుని, దానికి లోబడినవి మాత్రమే కూర్చడం మరో పద్ధతి. గిరి కాలానికి గీయవచ్చు, లోహానికి గీయవచ్చు, ముద్రణాలయానికి గీయవచ్చు, చివరికి ఒక ఊరి పొలిమేరకూ గీయవచ్చు. మొదటి పద్ధతికి పేరు ఎక్కువ. రెండో పద్ధతిలో చదువు ఎక్కువ.

పూర్తి సిరీస్ మొదట్లో చకచకా సాగుతుంది, చివర్లో ఒకటి రెండు నాణేల దగ్గర ఆగిపోతుంది. ఆరో జార్జి వెండి రూపాయల్లో 1939 నాటిది అలాంటిదే. మిగతా సంవత్సరాలవి మామూలు ధరకు దొరుకుతాయి, అది మాత్రం సామాన్యుడికి అందదు. నిజాం నాణేల్లో ఆ అడ్డుగోడ బంగారు అష్రఫీ. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నాణేలన్నీ కూర్చాలని బయల్దేరినవారు రాగి, కంచు, నికెల్, వెండి దాటి అష్రఫీల దగ్గరికి వచ్చేసరికి పొలం అమ్మాలా అని ఆలోచించాలి. అష్రఫీ లేదని మిగతా సేకరణకు విలువ తగ్గదు. అయినా ఖాళీ గడి ఉన్న ఆల్బమ్ మనిషిని కుదురుగా ఉండనివ్వదు.

తుంగతుర్తి, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతం నిజాం రాజ్యంలో భాగం కాబట్టి, ఇక్కడి పాత పెట్టెల్లో ఎక్కువగా కనిపించేవి నిజాం సొంత నాణేలైన హాలీ సిక్కాలే. రూపాయి, అర్ధరూపాయి, పావలా, బేడల మీద చార్మినార్ బొమ్మ ఉంటుంది. దాని ద్వారంలో ఒక అక్షరం ఉంటుంది. మీమ్ అయితే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది, ఐన్ అయితే ఉస్మాన్ అలీ ఖాన్‌ది. ఏడో నిజాం తొలి నాణేల్లో ఆ ఐన్ కురచగా ఉండి, తరువాత నిండుగా మారింది. ఈ ఒక్క అక్షరం మార్పునే గిరిగా పెట్టుకునేవారూ ఉన్నారు. అసఫ్ జా బిరుదుతో పాటు కనిపించే 92 అంకె సంవత్సరం కాదు. అరబిక్ అక్షరాలకు విలువలు కట్టే అబ్జద్ పద్ధతిలో అది ముహమ్మద్ అనే పేరు మొత్తం.

సంవత్సరం హిజ్రీలో ఉంటుంది. అరబిక్ అంకెలు పదీ నేర్చుకుంటే చదవడానికి చాలు. ఒక చోట మాత్రం చాలామంది తడబడతారు. పహాణీల్లో, పాత భూమి కాగితాల్లో ఉండేది ఫసలీ సంవత్సరం. రెండింటికీ ఆ రోజుల్లో సుమారు పదేళ్ల తేడా: 1948-49 ప్రాంతం ఫసలీలో 1358, హిజ్రీలో 1368. ఇంట్లో దొరికిన కాగితాన్నీ నాణేన్నీ పక్కపక్కన పెట్టి లెక్క కట్టేటప్పుడు ఇది గుర్తుండాలి.

ఈ ప్రాంతానికి అన్నిటికంటే అర్థవంతమైన గిరి హిజ్రీ 1365 నుంచి 1368 వరకు. అంటే 1945 డిసెంబరు మొదలు 1949 అక్టోబరు దాకా. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య హతమై తెలంగాణ సాయుధ పోరాటం రాజుకున్నది 1365లోనే. తుంగతుర్తి దగ్గరి కర్విరాల నుంచి వచ్చిన భీమ్‌రెడ్డి నర్సింహారెడ్డి, మల్లు స్వరాజ్యం సాయుధ పోరాటంలో ఉన్న సంవత్సరాలూ ఇవే. ఆ కాలపు నాణేలు ఖరీదైనవి కావు. యుద్ధకాలంలో వెండి కరువై రూపాయిలో వెండి పాలు దాదాపు 82 శాతం నుంచి సగానికి పడింది. 1366 నాటికి బేడ, పావలా, అర్ధరూపాయి నికెల్‌లోకి మారాయి. అణా, రెండు పైల నాణెం కంచువి. కూలి డబ్బులుగా చేతులు మారినవీ, సంతలో ఉప్పూ చింతపండూ కొన్నవీ ఇలాంటి చిల్లర నాణేలే. వెండి రూపాయి దాచుకునే వస్తువు కాబట్టి ఈనాటికీ నిగనిగలాడుతూ దొరుకుతుంది. కంచు అణా మాత్రం అరిగి అక్షరాలు చెరిగి ఉంటుంది. ఈ గిరిలో అరుగుదల లోపం కాదు, అదే సాక్ష్యం.

ఇందులో 1368 నాణెం మరీ ఆసక్తికరం. హైదరాబాద్ మీద పోలీసు చర్య 1948 సెప్టెంబరు 13న మొదలై 17న ముగిసింది. హిజ్రీ 1368 ఆ తర్వాత, నవంబరు మొదట్లో వచ్చింది. అంటే రాజ్యం పోయాక కూడా నిజాం బిరుదుతో నాణేలు పడ్డాయి. ప్రభుత్వం మారినంత త్వరగా చిల్లర మారదు. ఇండియా రూపాయలతో పాటు హాలీ నాణేలు 1950ల్లోనూ చెలామణి అయ్యాయి.

కోదాడ వైపు మరో గిరి సహజంగా కుదురుతుంది. కోదాడ దాటితే జగ్గయ్యపేట, అంటే ఆనాటి మద్రాసు ప్రెసిడెన్సీ. ఇక్కడ హాలీ, అక్కడ కల్దార్ అని పిలిచే బ్రిటిష్ ఇండియా రూపాయి. మారకం రేటు ఆరు కల్దార్ రూపాయలకు ఏడు హాలీ రూపాయలు. సరిహద్దు దాటి బియ్యం, ఎడ్లు, బట్టలు అమ్మి కొనేవారికి రెండు రకాల డబ్బూ అవసరమే. ఒకే సంవత్సరపు హాలీ రూపాయినీ కల్దార్ రూపాయినీ జతగా పెట్టుకుంటూ పోతే అదొక చక్కని సేకరణ. దీనికి మహా అయితే ఇరవై, ముప్పై నాణేలు కావాలి.

1950 తర్వాత కూడా గిరులకు కొదవ లేదు. 1903లో సైఫాబాద్‌లో మొదలైన హైదరాబాద్ టంకశాల 1950లో భారత ప్రభుత్వం చేతికి వచ్చింది, 1997లో చర్లపల్లికి తరలింది. సంవత్సరం అంకె కింద నక్షత్రం ఉంటే ఆ నాణెం హైదరాబాద్‌ది. వజ్రం గుర్తు బొంబాయిది, చిన్న చుక్క నోయిడాది, ఏ గుర్తూ లేకపోతే కలకత్తాది. నక్షత్రం ఉన్నవి మాత్రమే ఏరుకోవడానికి డబ్బు కంటే కంటిచూపు ముఖ్యం. మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊరు కాబట్టి అక్కడివారికి ఆహారం మీద వచ్చిన నాణేలు నచ్చవచ్చు: 1970 నాటి ఇరవై పైసల తామరపువ్వు నాణెం అందరికీ అన్నం అనే నినాదంతో వచ్చింది, ఆ వరుస 1970ల పొడుగునా సాగింది.

డీలర్లు పక్కన పడేసే నాణేలతోనూ గిరి గీయవచ్చు. లంబాడా స్త్రీల హారాల్లోంచి, కాసుల పేర్లలోంచి వచ్చిన రూపాయలకు కొక్కీ అతికిన మచ్చో చిల్లో ఉంటుంది. పూర్తి సిరీస్ కూర్చేవారికి అవి పనికిరావు. నాణెం నగ అయిన కథ కావాల్సినవారికి మచ్చ లేనిదే పనికిరాదు.

ఒకే రకం నాణెం ఎన్ని సంగతులు చెప్పగలదో తెలియడానికి దూరం పోనక్కర్లేదు. తుంగతుర్తికి దగ్గర్లోని నాగారం మండలం ఫణిగిరి బౌద్ధ క్షేత్రంలో 2024 మార్చి 29న తెలంగాణ వారసత్వ శాఖ తవ్వకాల్లో ఒక మట్టి కుండ బయటపడింది. అందులో 3,730 సీసపు నాణేలు. ఒక వైపు ఏనుగు, మరో వైపు ఉజ్జయిని చిహ్నం, ఒక్కొక్కటి సగటున 2.3 గ్రాములు. అవి ఇక్ష్వాకుల కాలానివని పురావస్తు అధికారులు గుర్తించారు. వాటిలో రకాల వైవిధ్యం లేదు, ఖరీదైన లోహమూ లేదు. కానీ ఒకే రకం వేలల్లో ఉండటం వల్ల బరువుల తేడాలు, అచ్చుల తేడాలు పోల్చవచ్చు. విహారం దగ్గర చిల్లర ఎంతగా పోగయ్యేదో ఊహించవచ్చు. అవే నాణేలు విడివిడిగా వంద మంది చేతుల్లో పడి ఉంటే ఈ లెక్కలేవీ కుదరవు.

భూమిలో దొరికినదాన్ని సేకర్త కొనకూడదు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల పైన విలువైన నిక్షేపం దొరికితే కలెక్టర్‌కు తెలపాలి. దుక్కిలో దొరికిందంటూ గుట్టుగా అమ్మేది అసలైతే నేరం, కాకపోతే నకిలీ.

దాచడంలో జాగ్రత్తలు తక్కువే కానీ తప్పనిసరి. రాగి చెంబును చింతపండుతో తోమినట్టు నాణేన్ని తోమకూడదు. పైపొర పోతే విలువలో సగం పోతుంది. పీవీసీ కవర్లలో రాగి నాణేలకు పచ్చటి జిగురు పడుతుంది. సీసానికి చెక్క పెట్టె పడదు, చెక్కలోంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి అది తెల్లని పొడిగా మారుతుంది. ప్రతి నాణేనికీ ఒక చీటీ ఉండాలి: బరువు, సంవత్సరం, ఏ ఊళ్లో ఎవరి ద్వారా వచ్చింది, ఎంతకు కొన్నది. పోల్చి చూసుకోవడానికి హైదరాబాద్‌లో రాష్ట్ర మ్యూజియం నాణేల విభాగం ఉంది. సైఫాబాద్ పాత టంకశాల భవనంలోనూ 2022లో మ్యూజియం తెరిచారు.